అద్దం మీద ముక్కు ముద్రలు

కొత్త డీజిల్ బండి మొదటిసారి అబర్‌వెన్లి అనే ఊరి స్టేషనుకి వచ్చిన సోమవారం పొద్దున, దాన్ని చూడడానికి చేరిన ముప్పైమంది మగవాళ్ళలో ఒక్కడూ నవ్వలేదు. నవ్వితే బండి నచ్చిందని తెలిసిపోతుందని భయం. మెడల్లో కెమెరాలు, చంకల్లో నోటుపుస్తకాలు, సముద్రపు గాలికి ఎర్రబడ్డ ముక్కులు. పెళ్ళిచూపులకొచ్చిన మగపెళ్ళివారిలా మొహాలు బిగించుకుని నిలబడ్డారు.

బండి మాత్రం ముద్దుగా ఉంది. రెండే పెట్టెలు. ముందుపెట్టె తెల్లగా, నడుం దగ్గర ఎర్ర చారతో ఉంది. వెనకపెట్టె మీద కంపెనీవాళ్ళు ప్రయోగంగా పెద్ద బొమ్మ అంటించారు. పచ్చటి డాఫొడిల్ పూల మీదుగా ఎగిరే ఎర్ర డ్రాగన్. తోక ఈ తలుపు దగ్గర, నోరు ఆ తలుపు దగ్గర. మధ్యలో వచ్చిన కిటికీలన్నీ దాని పొట్ట కిందే పోయాయి.

"సీట్లు చూశావా? పీటల మీద గుడ్డ కప్పినట్టున్నాయి," అన్నాడు మైరియన్.

"ఇంకా ఎక్కలేదుగా, ఎలా తెలిసింది?" అన్నాడు ఇద్రిస్.

"చూస్తే తెలీదూ?"

మైరియన్ రైలు అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. సిగ్నల్ కేబిన్లో పనిచేసి రిటైరైన డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, తెల్లటి గుబురు మీసం. ఇద్రిస్ ఇనపసామాన్ల కొట్టు నడుపుతాడు. బండి బొమ్మలకన్నా బండి చప్పుళ్ళంటే ఇష్టం. పిల్లి తోకంత బొచ్చు తొడిగిన మైకు ఒకటి కర్రకి కట్టి ఇంజను కిందకి దించి, చెవులకి యంత్రం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పాత బండి గుర్రుమనేది," అన్నాడు కాసేపటికి. "ఇది గొంతు సవరించుకుంటోంది. మాట్లాడేదెప్పుడో!"

"అంకెలు కూడా చూడు, ఎంత సన్నగా రాశారో. బిల్లు మీద రాసినట్టు."

"బొమ్మ మాత్రం బాగుంది."

"బొమ్మ బాగుంది," అన్నాడు మైరియన్. "అది ఒప్పుకోవాలి."

ముప్పైమందీ తలలూపారు. ఆ సంఘం పుట్టాక ముప్పైమందీ ఒక్క మాట మీదకి రావడం అదే మొదటిసారి.

వాళ్ళ సంఘంలో ఒక నల్ల అట్ట పుస్తకం ఉంది. ఈ లైను మీదకి కొత్తరకం బండి వచ్చినప్పుడల్లా అందులో అభిప్రాయాలు రాస్తారు. దానికొక కట్టుబాటు. బండి మొదటి ప్రయాణంలో ఎక్కిన మనిషి మొదటి పేజీ రాయాలి. ఆ పేజీ నిండేదాకా ఇంకెవరి కలమూ పుస్తకం మీద పడకూడదు. పుస్తకంలో ఏం తేలితే అదే ఉత్తరంగా కంపెనీకి పోతుంది. ఇప్పటి పాత బండికి ముప్పై ఏడేళ్ళ కిందట మొదటి పేజీ రాసినవాడు మైరియనే. ఈ కొత్తదానికి కూడా తనే రాయాలని ఇవాళ తొమ్మిదీ యాభై రెండు బండికి పోయిన వారమే టికెట్ కొని, చొక్కా జేబులో పెట్టుకుని, రోజుకి రెండుసార్లు తడిమి చూసుకుంటున్నాడు.

అప్పుడు బండి లోపల ఎలినెడ్ కిటికీలు తుడుస్తోంది.

డిపోనుంచి వచ్చిన బండిని మళ్ళీ బయల్దేరేలోగా శుభ్రం చెయ్యడానికి ఆమెకి ఆరు నిమిషాలు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎడమచేతిలో తడిగుడ్డ, కుడిచేతిలో పొడిగుడ్డ, బకెట్లో కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళు. అద్దం మీద ముందు నోటితో ఆవిరి ఊది చూస్తుంది. మరకలుంటే ఆ ఆవిరిలో లేచి కనబడతాయి. ముందుపెట్టె అయింది. వెనకపెట్టెలో ఆఖరి అద్దం దగ్గర ఆవిరి ఊదుతుంటే ఎక్కడో కిణకిణమని గంట మోగింది. ఏ గంటో ఆమెకి తెలీదు. పాత బండికి గంటలేవీ లేవు. గార్డు హ్యూ కాలు ప్లాట్‌ఫారం మీదే పెట్టి, ఈల నోట్లో పెట్టుకుని, "మైరియన్, ఇంక చాలు, ఎక్కు మహానుభావా!" అని కేకేసేవాడు. ఆఖరి ఫొటో అయిందాకా ఆగేవాడు. అదే ఈ స్టేషన్లో పద్ధతి.

కొత్త బండిలో హ్యూ కొత్త మీటల ముందు చెమటలు పట్టి నిలబడి ఉన్నాడు. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. బండి కదిలింది.

ఎలినెడ్ బకెట్ పట్టుకుని ముందుపెట్టెలోకి పరిగెత్తింది. అక్కడి కిటికీలోంచి ప్లాట్‌ఫారం కనబడింది. ముప్పైమందీ వరసగా నిలబడి ఫొటోలు తీస్తున్నారు. బండి కదులుతుంటే ఇంకా ఉత్సాహంగా తీస్తున్నారు. కెమెరాలన్నీ ముందుపెట్టెని వదిలి వెనక డ్రాగన్ మీదకి తిరిగాయి. ఇద్రిస్ మైకు పైకెత్తి, కళ్ళు మూసుకుని, మొదటిసారిగా నవ్వాడు.

అందరికన్నా ముందు మైరియన్ కెమెరా దించాడు. చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది. తడిమింది. ఆ తరవాత ఆయన పరిగెత్తడం మొదలుపెట్టాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, టికెట్ గాలిలో ఊపుకుంటూ ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి, రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. ఆ మొహం చూసి ఎలినెడ్‌కి నవ్వూ వచ్చింది, అయ్యో అనీ అనిపించింది. నవ్వే కాస్త ముందొచ్చింది.

"ఎలినెడ్! నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు హ్యూ వెనకనుంచి. తరవాత ఖాళీ సీట్లు చూసి నోరు తెరిచాడు. "వాళ్ళేరీ?"

"ఫొటోలు తీసుకుంటున్నారు."

"ఎక్కలేదా? ఒక్కడూ?"

"ఒక్కడూ."

హ్యూ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నన్ను బతకనిస్తారా ఇంక?" అని, మెడలోని కొత్త టికెట్ యంత్రం సవరించుకున్నాడు. "సరే, లైను చివర ట్రెవార్న్‌దాకా రావాల్సిందే, మధ్యలో దిగితే వేరే బండి లేదు, ఇదే వెనక్కి పన్నెండింటికి. బండిలో ఉన్నావంటే టికెట్ ఉండాలి. రానూ పోనూ ఇచ్చేస్తున్నా." యంత్రం చీటీ కక్కింది. దాని మూలన సున్నా సున్నా సున్నా ఒకటి అని ఉంది.

"కూర్చో మరి. ప్రయాణికురాలివి."

ఇరవై రెండేళ్ళుగా ఈ లైను బళ్ళ అద్దాలు తుడిచిన మనిషి వాటిలో కూర్చుని పోయింది రెండేసార్లు, రెండూ పెళ్ళిళ్ళకే. అప్పుడూ ఒళ్ళో కేకు పెట్టె పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. ఇప్పుడు బకెట్ కాళ్ళ మధ్య పెట్టుకుని, సీటు అంచున కూర్చుంది. సీటు గట్టిదే. పీటంత గట్టిది కాదు.

బండి వంతెన దాటగానే, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ అంతా ఒక్కసారి తెరుచుకుంది. నీళ్ళు వెనక్కి పోయి ఇసక మెరుస్తోంది. పడవలు పక్కకి ఒరిగి నిద్రపోతున్నాయి. ఒక కొంగ బండిని చూసి కూడా కదల్లేదు. ఎలినెడ్ ఇంకాస్త ముందుకి వంగింది. ముక్కుకి చల్లగా ఏదో తగిలింది. అద్దం. తనే ఇందాక మెరిసేలా తుడిచిన అద్దం మీద తన ముక్కు ముద్ర పడింది. బతుకంతా ఇలాంటివి తుడుస్తూ ఎవరో ఏమిటో అని తిట్టుకున్నదీ తనే. గట్టిగా నవ్వేసింది. చాలా సంతోషంగా ఉంది, దానికి వేరే కారణమేమీ లేదు.

పోంతిగోగ్ అనే చిన్న ఆగుచోటులో మోర్‌విద్ ఎక్కింది. ఎనభై నాలుగేళ్ళ ముసలమ్మ, చేతికర్ర, సంతకి పోయే సంచీ. ఆమె ఎక్కిన తలుపు వెనకపెట్టెది. ఎలినెడ్ సంచీ అందుకోడానికి అటు వెళ్ళింది.

"బొమ్మ చూసి ఎక్కానే, భలే ఉంది," అంటూ మోర్‌విద్ ఎడమవైపు సీట్లో కూలబడింది. కిటికీ వైపు తిరిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తిరిగింది. అద్దంలో సన్నటి చుక్కలు, ఎర్రటి మసక. జల్లెడ అడ్డం పెట్టుకుని చూసినట్టుంది. "ఇదేంటే? నా కళ్ళకేమైనా అయిందా?"

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి. అది డ్రాగన్ పొట్ట."

"దాని పొట్ట నాకెందుకు? కాసేపట్లో మా తమ్ముడు ఐవర్ పొలం గేటు దగ్గరికొస్తాడు. ప్రతి సోమవారం టోపీ ఎత్తుతాడు. నేను కనబడకపోతే చచ్చాననుకుంటాడు వాడు!"

ఎలినెడ్ ఆమె చెయ్యి పట్టుకుని, ఊగే బండిలో అడుగులో అడుగు వేయిస్తూ ముందుపెట్టెకి నడిపించింది. కూర్చోబెట్టిందో లేదో పొలం వచ్చేసింది. పలకరాతి గోడ, ఇనప గేటు, గొర్రెల మధ్య బూట్లేసుకున్న ముసలాయన. టోపీ ఎత్తాడు. మోర్‌విద్ అద్దానికి మొహం ఆనించి చెయ్యి ఊపింది. ఎలినెడ్ కూడా ఊపింది. ఆ ముసలాయన ఇద్దర్ని చూసి కంగారుపడి రెండోసారి కూడా టోపీ ఎత్తాడు.

"చూశావా, బతికే ఉన్నాం ఇద్దరం," అంది మోర్‌విద్. అద్దం మీద ఆమె ముక్కు ముద్ర, పక్కనే అయిదువేళ్ళ ముద్ర.

మధ్యాహ్నం తిరుగుబండిలో ఎలినెడ్ దిగేసరికి ముప్పైమందీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. మైరియన్ బెంచీ మీద కూర్చుని తన టికెట్ వంక చూసుకుంటున్నాడు.

"ఎవరెక్కారు?" అన్నాడు తలెత్తకుండా.

"ఎలినెడ్," అన్నాడు హ్యూ.

"పనిమీద ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు. నువ్వూ ఎక్కావుగా, నువ్వు ప్రయాణికుడివా?"

"నాకు టికెట్ లేదు. ఆవిడకుంది."

ఎలినెడ్ జేబులోంచి చీటీ తీసి ఇచ్చింది. అది చేతులు మారుతూ ముప్పైమంది దగ్గరికీ వెళ్ళింది. ఇద్రిస్ దాన్ని రెండు వేళ్ళ మధ్య గాజుముక్కలా పట్టుకుని, "ఒకటో నంబరు," అని గొణిగాడు. "ఎలినెడ్, మా తాత సిగ్నల్ లాంతరుంది. ఇస్తాను. మార్చుకుంటావా?"

"లాంతరు మళ్ళీ నేనే తుడవాలి. వద్దులే," అంది ఎలినెడ్.

*

బుధవారం సాయంత్రం ఆరింటికి చర్చి పక్క హాల్లో సంఘం కూడింది. హాలు తాళాలు ఎలినెడ్ దగ్గరే ఉంటాయి. అక్కడ ఊడ్చేదీ ఆమే, ప్రతి నెలా ఆ సమావేశానికి టీ పోసేదీ ఆమే. ఇంజను చప్పుళ్ళ గురించి, రంగుల గురించి, అంకెల గురించి వాళ్ళ అభిప్రాయాలన్నీ ఆమె ఇరవై రెండేళ్ళుగా వింటూనే ఉంది. ఆమెది అడిగినవాడు లేడు.

ఆ రోజు కంపెనీ తరఫున లౌరి అనే అమ్మాయి వచ్చి మూల కూర్చుంది. ఇంకా ఏడు బళ్ళు వస్తున్నాయి. వాటి రెండేసి పెట్టెలకీ ఈ డ్రాగన్‌నే అంటించాలా వద్దా అన్నది సంఘం ఉత్తరం చూసి తేలుస్తామంది. శుక్రవారం అచ్చుకి పోతుందట.

ఎలినెడ్ టీకుండ దించి మైరియన్ ముందు కప్పు పెట్టింది. ఆయన నల్ల అట్ట పుస్తకం ఆమె వైపు తిప్పాడు. పక్కన ఒక కాగితం కూడా పెట్టాడు.

"కట్టుబాటు కట్టుబాటే. మొదటి పేజీ నీది," అన్నాడు. గొంతులో బాధ దాచుకోలేకపోయాడు. "నీకు శ్రమ లేకుండా నేనే రాసిపెట్టాను. చూసి పుస్తకంలోకి దించేసి సంతకం చెయ్యి. తరవాత మేం రాసుకుంటాం."

ఎలినెడ్ చెయ్యి తుడుచుకుని కాగితం చదివింది. ఇంజను ధ్వని గురించి పది వాక్యాలు, అంకెల గురించి నాలుగు. ఆఖర్న, 'డ్రాగన్ చిత్రం మహాద్భుతం, అన్ని పెట్టెలకూ ఉండాలని మా ఏకగ్రీవ కోరిక.'

"ఇది నా అభిప్రాయం కాదు," అంది.

"నీకేం అభిప్రాయముంది?" అన్నాడు మైరియన్. వెటకారంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అన్నాడు. అందుకే ఆమెకి ఇంకా మండింది.

"బండి ఎక్కింది నేను. మీరు ఎక్కలేదు. బొమ్మని మీరు చూసింది బయట నిలబడి. బయట నిలబడేవాళ్ళు ముప్పైమంది, అదీ ఏ కొత్త బండో వచ్చినప్పుడు. లోపల కూర్చునేవాళ్ళకి ఆ పెట్టెలోంచి ఏమీ కనబడదు. నేను లోపలుండి చూశాను."

"కొంచెం మసగ్గా ఉంటుందేమో. జనం అలవాటుపడతారు."

"పడరు."

"నువ్వెలా చెప్పగలవు?"

ఎలినెడ్ ఏప్రన్ జేబులోంచి పనికార్డు తీసింది. రోజూ ఏ పెట్టె ఎన్నింటికి తుడిచిందో గుర్తుపెట్టే కార్డు. దాని వెనకవైపు పెన్సిల్‌తో రెండు పెట్టెల పటం, కిటికీ కిటికీకీ చిన్న చిన్న గీతలు.

"ముక్కు ముద్రలు," అంది. "సోమవారం వచ్చినప్పట్నుంచి ఇవాళ సాయంత్రందాకా, తుడవకముందు లెక్కేసి గీత గీశాను. ముందుపెట్టెలో నలభై మూడు. వెనకపెట్టెలో ఒక్కటీ లేదు."

ఎవరో చెంచా కింద పెట్టారు.

"ఆ పెట్టెలో అసలు జనం ఎక్కలేదేమోనండి," అంది లౌరి మూలనుంచి.

"అదీ చూశాను. చెత్తబుట్టల్లో కాఫీకప్పులు. ముందు ఇరవై తొమ్మిది, వెనక ముప్పై ఒకటి. వెనకే ఎక్కువ. బొమ్మ చూసి ఎక్కుతారు, ఎక్కాక ఫోన్లు చూసుకుంటారు."

అందరూ కుర్చీలు జరుపుకుని బల్ల చుట్టూ మూగారు. వాళ్ళ బలహీనత అదే. ఎవరేమన్నా తలెగరేసే మనుషులు, తేదీ వేసి, వేళ వేసి, వరసగా రాసిన లెక్క కనబడితే మాత్రం మంత్రం వేసినట్టు ఆగిపోతారు. బతుకంతా వాళ్ళు చేసింది ఆ పనే. ఇద్రిస్ కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి కార్డు మీదకి వంగాడు.

"నాలుగో కిటికీలో తొమ్మిదున్నాయే!"

"అక్కడ రెండు సీట్ల మధ్య కమ్మీ రాదు. అద్దం అంతా సీటుదే."

"ఏడో దాంట్లో ఏమీ లేవే?"

"అక్కడ కమ్మీ సరిగ్గా మొహానికి అడ్డం. కూర్చున్నవాడు మళ్ళీ కూర్చోడు."

"కుడివైపుకన్నా ఎడమవైపు రెట్టింపున్నాయి," అన్నాడు ఇంకొకాయన.

"ఏటిమొగ ఎడమవైపుగా. సోమవారం పొద్దుటి బండిది చూడండి, ఇక్కడ. ఈ గీత పోంతిగోగ్‌లో ఎక్కిన మోర్‌విద్ గారిది."

"పాత బండికి కూడా ఇలాంటి లెక్క ఉందా నీ దగ్గర?" అన్నాడు ఇద్రిస్, ఆశగా.

"గియ్యలేదు. కానీ చెప్పగలను. ఏ కిటికీ అడగండి."

అడిగారు. ఒకరి మీద ఒకరు పడి అడిగారు. ఆమె చెప్తూనే ఉంది. టీ చల్లారిపోయింది. ఎండుద్రాక్ష రొట్టె ఎవరూ ముట్టుకోలేదు. ఇన్నేళ్ళలో ఆ హాల్లో అలా జరగలేదు.

మైరియన్ ఒక్కడే కుర్చీలోంచి లేవలేదు. తను రాసిన కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తరవాత పుస్తకం వెనక్కి తిప్పి పాత పేజీ ఒకటి తీసి, గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"'ఇది రైలు కాదు, పట్టాలెక్కిన బస్సు. ఇంజను దగ్గుతుంది. సీట్లు పీటలు. ఇది రెండేళ్ళు కూడా నిలవదు. సంతకం, మైరియన్.'" పేజీ మీద వేలు పెట్టి తలెత్తాడు. "మన పాత బండి గురించే. ముప్పై ఏడేళ్ళు నిలిచింది. పోయిన శనివారం దాని ఆఖరి ప్రయాణంలో చంటిపిల్లాడిలా ఏడ్చాను నేను."

మొదట నవ్వింది ఇద్రిసే. తరవాత అందరూ. మైరియన్ మీసం కూడా కదిలింది.

"ఇందులో కిటికీ అన్న మాటే లేదు చూడండి," అన్నాడాయన. ఎలినెడ్ వైపు తిరిగాడు. చేతిలో కాగితం నిలువునా చింపి కప్పు కింద పెట్టాడు. లేచి, తన కుర్చీ ఆమె కోసం వెనక్కి లాగాడు. "కూర్చోండి. మీరు రాయండి. టీ నేను పోస్తాను."

అన్నేళ్ళలో ఆయన ఆమెని మీరు అనడం అదే మొదలు. ఆయన పోసిన టీ సగం సాసర్లోకే పోయింది.

ఎలినెడ్ కలం పట్టుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. 'బండి బాగుంది. సీటు గట్టిదే, నడుంకి మంచిది. కొంగ కనబడింది. డ్రాగన్ కూడా బాగుంది, కానీ కిటికీల కింద ఎగరమనండి. నాలుగో కిటికీ అన్నిటికన్నా మంచిది. సంతకం, ఎలినెడ్, టికెట్ నంబరు ఒకటి.'

కింద ముప్పై సంతకాలు పడ్డాయి. లౌరి ఆ పేజీకి ఫొటో తీసుకుని, ముక్కు ముద్రల కార్డుకి కూడా తీసుకోవచ్చా అని అడిగింది.

*

మరుసటి సోమవారం పొద్దున డిపోనుంచి వచ్చిన బండికి వెనకపెట్టె కిటికీలు తేటగా ఉన్నాయి. బొమ్మని అద్దాల మేరకి కోసి ఒలిచేశారు. డ్రాగన్‌కి పొట్ట లేదు. నడుం వంచి కిటికీల కింద పాకుతున్నట్టుంది. మిగతా ఏడు బళ్ళకీ మొదట్నుంచే కిందుగా వేస్తారట.

తొమ్మిదీ యాభై రెండుకి హ్యూ తలుపు దగ్గర నిలబడి, కొత్త మీటలు వదిలేసి, నోట్లో పాత ఈల పెట్టుకుని, "మైరియన్, ఇంక చాలు, ఎక్కు మహానుభావా!" అని కేకేశాడు. ఈసారి ముప్పైమందీ ఎక్కారు. కిటికీల దగ్గర తోసుకున్నారు కూడా.

పన్నెండింటికి బండి తిరిగొచ్చింది. ఎలినెడ్ బకెట్ తీసుకుని వెనకపెట్టెలోకి ఎక్కింది. ఎడమవైపు నాలుగో కిటికీ దగ్గర వంగి, అలవాటుగా ఆవిరి ఊదింది. మసకలోంచి ఒక ముక్కు ముద్ర లేచింది. పెద్దది. దాని కింద రెండు పక్కలకీ సన్నటి గీతలు గీతలుగా గుబురు మీసం.

కిటికీ బయట ప్లాట్‌ఫారం మీద మైరియన్ ఇద్రిస్‌కి చేతులు చాపి కొంగ ఎంత పెద్దదో చూపిస్తున్నాడు.

ఎలినెడ్ కార్డు తీసి పెన్సిల్‌తో ఒక గీత గీసింది. గీసి, తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి వేసి ఆ మీసం శుభ్రంగా తుడిచేసింది. రేపటి బండికి ఆయన మళ్ళీ టికెట్ కొనుక్కున్నాడని ఆమెకి తెలుసు.